మా వీధి విదేశీయుడు

ప్రొద్దుటూరులో మా వీధికి ఒక గూర్ఖా ఉన్నాడు. పేరు దల్‌బహాదూర్ బోహరా. ఇప్పుడైతే నన్ను నిద్రలో లేపి అడిగినా ఈ పేరు తడబడకుండా చెబుతాను. మొన్నటిదాకా మాత్రం ఆయనకు ఒక పేరుంటుందనే సంగతే మా వీధిలో ఎవరికీ తట్టలేదు. గూర్ఖా అంటే పలుకుతాడు, ఇంకేం కావాలి అనుకున్నాం.

నేపాల్లో పడమటి కొండల్లో అఛాం అనే జిల్లా ఆయనది. పందొమ్మిదో ఏట ఇల్లు విడిచి, రైళ్ళు మారి మారి ఎర్రగుంట్ల స్టేషన్లో దిగాడు. అక్కడే ఎందుకు దిగావని అడిగితే, “టికెట్టు ఆడిదాకే ఉండె గదప్పా” అంటాడు. ప్రొద్దుటూరులో ఒక పత్తి మిల్లులో కాపలా పని దొరికింది. నాలుగేళ్ళకు మిల్లు మూతపడింది. యజమానులు యంత్రాలు అమ్ముకున్నారు, పైరేకులు అమ్ముకున్నారు, ఆఖరికి తలుపులు కూడా పెరికి అమ్ముకున్నారు గానీ, గూర్ఖాకు నీ పని పోయిందని చెప్పడం మాత్రం మరిచిపోయారు. ఏడాదిన్నర పాటు ఆయన తలుపుల్లేని మిల్లుకు కాపలా కాశాడు. ఆ నమ్మకం చూసి మా వీధివాళ్ళు పిలిచి పెట్టుకున్నారు.

అప్పటినుంచి కర్రతో కరెంటు స్తంభాన్ని కొట్టడం, విజిల్ ఊదడం. దొంగలకు ముందే కబురు చేయడం కాకపోతే ఇదేం కాపలా అని మా వీధిలో తెలివిగలవాళ్ళు నవ్వుతుంటారు. ఆ నవ్వేవాళ్ళే ఊరికి పోతూ ఇంటి తాళంచెవి ఆయన చేతిలో పెట్టిపోతారు. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోను చోటు లేదన్నట్టు, ఊళ్ళో తాళాలన్నీ ఆయన దగ్గరే ఉన్నా ఆయనది అద్దె గది.

హాస్టల్లో వంట చేసే పెంచలమ్మను పెళ్ళి చేసుకున్నాడు. కమలాపురం మనిషి ఆమె. నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినపడుతుంది. అయినా మొగుడి పేరు మాత్రం ఆ నోట రాదు. భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వాళ్ళమ్మ నేర్పిందట. కూతురు ప్రసూనను బడిలో చేర్పించే రోజు గూర్ఖా పనిమీద ఉంటే ఈమే తీసుకుపోయింది. తండ్రి పేరేమని హెడ్మాస్టరు అడిగాడు. ఈమె సిగ్గుపడి, కొంగు నోట్లో పెట్టుకుని, “అదే సార్, గూర్ఖా” అంది. ఆయన అదే రాసుకున్నాడు. తండ్రి పేరు: గూర్ఖా. అది ఒకటో తరగతి నుంచి పదో తరగతి సర్టిఫికెట్ దాకా చెక్కుచెదరకుండా నడిచి వచ్చింది. మన బళ్ళలో చదువు మారుతుంది, పుస్తకాలు మారతాయి, మొదటిరోజు రాసిన తప్పు మాత్రం మారదు.

ఇక నా సంగతి. నేను ఈశ్వర్‌ను. సర్కారు కొలువులో సీనియర్ అసిస్టెంటును. ఏ శాఖో రాయను. రాస్తే ఆ ఒక్క శాఖ పరువు పోతుంది, రాయకుంటే అన్ని శాఖల మీదా అనుమానం ఉంటుంది, అదే న్యాయం. ఇల్లు ప్రొద్దుటూరు, ఇప్పుడు ఉద్యోగం జమ్మలమడుగు, మధ్యలో బస్సు.

ఆరేళ్ళ కిందట నేనింకా ప్రొద్దుటూరులో పనిచేస్తున్నప్పుడు, గూర్ఖా మా ఆఫీసుకు అర్జీ తెచ్చాడు. రేషన్ కార్డులో భార్య పేరు, బిడ్డ పేరు ఉన్నాయి, నా పేరు కూడా చేర్చండి అని. నేను రెండు రోజులు నిబంధనలు తిరగేసి, అర్జీ వెనక ఎర్ర సిరాతో ఇట్లా రాశాను: ‘దరఖాస్తుదారుడు విదేశీయుడైనందున ఆయన కోరిక మన్నించుటకు వీలుపడదు.’ కింద సంతకం, దానిమీద ముద్ర. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారి చేతిరాత మాత్రం ముత్యాల్లాగా ఉందని అప్పుడు నాకు గర్వంగా కూడా అనిపించింది.

“ఏం రాసినావప్పా?” అని అడిగాడు గూర్ఖా.

“నువ్వు ఫారినర్ అని రాసినా.”

“ఫారినరా? యెవురు?” అని వెనక్కి తిరిగి చూశాడు, తన వెనక ఇంకెవరన్నా నిలబడ్డారేమోనని. ఎవరూ లేరు. కాగితాన్ని మడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు అసలు కథ. ఈ ఏడాది జమ్మలమడుగులో మూడు రోజులపాటు ‘పెన్నేటి వారసత్వ సంబరాలు’ జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. వారసత్వమంటే మా వాళ్ళకు తెలిసిందల్లా రంగుల లైట్లు, హైదరాబాదు నుంచి కారులో తెచ్చే యాంకరమ్మ, పెద్దల ఫొటోలున్న ఫ్లెక్సీలు. వాటికి లోటు లేదు. కానీ ఉత్తర్వు అడుగున ఒక ముక్క ఉంది: ముందు వరసలో విదేశీ అతిథులు పదిమందికి తగ్గకుండా ఉండాలి, వారి పేరు, దేశం మైకులో చదివి శాలువా కప్పి సత్కరించాలి, ఫొటోలు పంపాలి. కిందటేడు వేరే జిల్లాలో దొరలూ దొరసానులూ పంచెలు, పట్టుచీరలు కట్టుకుని కూర్చున్న ఫొటో పేపర్లో పడిందట. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగే ధైర్యం మా ఆఫీసులో ఎవరికీ లేదు. సంబరాల బాధ్యుడు లోకనాథ్ సారు ఆ ముక్క కింద గీత గీసి, నా పేరు రాశాడు.

“యాడ దొరుకుతారు సార్ ఫారినర్లు మనకు?” అన్నాను.

“యాడైనా తీస్కరా. పది అంటే పది.”

అలా నేను మనుషుల వేటకు బయలుదేరాను. పెన్నేటి ఒడ్డున ఉన్న కోట చూడ్డానికి సైకిళ్ళ మీద వచ్చిన హాలెండు మొగుడూపెళ్ళాలు దొరికారు. పాపం, భోజనం ఉంటుందంటే ఒప్పుకున్నారు. వాళ్ళ ద్వారా ఇంకో నలుగురు వస్తామన్నారు. పులివెందులలో ఒక లాడ్జీలో నీలికళ్ళ తెల్లమనిషి దిగాడని ఎవరో చెబితే, ఎండలో పడి అక్కడికి పోయాను. తీరా చూస్తే ఆయన ఏటా చలికాలం శాలువాలు అమ్ముకోను వచ్చే కాశ్మీరాయన. సంగతి సారుకు ఫోన్లో చెప్పాను.

“కాశ్మీరు మనదే గదా సార్” అన్నాను.

“మనదే అనేది ఫొటోలో కనపడ్తాదా? తీస్కరా” అన్నాడు సారు. పైగా సత్కారానికి కావలసిన శాలువాలన్నీ ఆయన దగ్గరే కొన్నాం. తన శాలువా తానే అమ్మి తానే కప్పించుకున్న అతిథిని నేను మళ్ళీ చూడను.

ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చదివే టాంజానియా పిల్లలు ఇద్దరు దొరికారు. చక్కటి ఇంగ్లీషు, చక్కటి నడవడి, పాస్‌పోర్టులు కూడా చూపించారు. సారు వాళ్ళను చూసి గొంతు సవరించుకున్నాడు.

“ఫారినర్లే, నేను కాదనల్యా. కాకపోతే మూడో వరసలో ఏస్తాం.”

ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. సారు రంగు, నా రంగు చూస్తే మేమేమీ పాలలో మునిగి లేచినవాళ్ళం కాదు. ఆ పిల్లలు మాత్రం నవ్వి ఊరుకున్నారు. ఈ దేశం వచ్చి మూడేళ్ళయింది కాబట్టి వాళ్ళకు వరసల సంగతి బాగానే అర్థమైనట్టుంది.

మొత్తం తొమ్మిది. పదో మనిషి కోసం నేను జుట్టు పీక్కుంటుండగా, ఆదివారం పొద్దున గూర్ఖా మా ఇంటి మెట్ల మీదికి వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు.

“ఈశ్వరప్పా, జమ్మలమడుగు సంబరాలకు ఫారినర్లు కావాలంట గదా?”

“నీకెవరు చెప్పినారు?”

“మా ప్రసూన ఆడ కోలాటం ఆడతాంది. కాలేజీలో చెప్పినారంట. పేరు, దేశం మైకులో సదువుతారంట. నన్ను రాసుకో.”

నేను నవ్వాను. “నువ్వు ఫారినర్ ఎట్లయితావు గూర్ఖా? మన వీధోడివి.”

ఆయన నవ్వలేదు. కవర్లోంచి కాగితం తీసి, మడతలు విప్పి, నా మోకాళ్ళ మీద పెట్టాడు. ఎర్ర సిరా కొంచెం వెలిసింది. ముద్ర మాత్రం గట్టిగా ఉంది.

“ఈ సంతకం నీదే గదప్పా?”

నాదే. ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను రాసిన కాగితం నాకే ఎదురు తిరిగి రావడం అదే మొదలు.

“శాలువా కోసరమా?” అన్నాను.

“శాలువా నాకేం జేసుకోను? నీకే ఇస్తా.” గొంతు తగ్గించాడు. “నా బిడ్డ కాగితాల్లో తండ్రి పేరు గూర్ఖా అని ఉండాది. దాంతో సదివే పిల్లోల్లు మీ నాయనకు పేరు ల్యాదా, యెవురో పెట్టడం మర్సిపోయినారా అని నవ్వుతాండారంట. ఆ బిడ్డ ఇంటికొచ్చి నాతో మాట్లాడల్యా, వాళ్ళమ్మతో మాట్లాడల్యా. ఒక్కసారి అంతమంది ముందర మైకులో నా పేరు సదివితే సాలప్పా. అది ఇనాల. అంతే.”

మరునాడు ఆయన్ను వెంటబెట్టుకుని సారు దగ్గరికి పోయాను.

“నేపాలుకు వీసా కావాల్నా?” అన్నాడు సారు.

“వద్దు సార్.”

“అట్లయితే అది ఫారిన్ ఎట్లయితాది?”

నేను కాగితం చూపించాను. సారు రెండుసార్లు చదివాడు. ఆఫీసు రాసింది తప్పని ఆఫీసే అనడం ఎక్కడా జరగదు. పైగా పదో మనిషి అవసరం. రేషన్ బియ్యం కావాలన్నప్పుడు అడ్డొచ్చిన విదేశం, ఫొటో కావలసినప్పుడు పనికొచ్చింది. సారు ఒప్పుకున్నాడు. కానీ పంచె కట్టి నిలబెట్టి చూస్తే ఆయనకు మళ్ళీ దిగులు పట్టుకుంది.

“ఏందయ్యా ఇది? ముద్దనూరు సంతలో గొర్రెలు బేరమాడే మనిషి మాదిరి ఉండాడు. మీ దేశం గుడ్డలేం ల్యావా?”

“టోపీ ఒకటి ఉండాది సార్. మా నాయనది.”

“అది పెట్టుకో. ఇంకోటి, ఆడ తెలుగులో మాట్లాడొద్దు. మీ భాషలో మాట్లాడు.”

“మా భాష మాట్లాడి శానా ఏండ్లాయె సార్. యెవురితో మాట్లాడల్ల?”

“అయితే యేం మాట్లాడొద్దు” అన్నాడు సారు.

సంబరాల రెండో రోజు సాయంత్రం ఎండ ఇంకా వాలకముందే అందర్నీ తెచ్చి కూర్చోబెట్టాను. హాలెండు ఆమె పట్టుచీరలో ఉక్కపోసి విసురుకుంటోంది. కాశ్మీరాయన ఎవరు పలకరించినా థాంక్యూ అంటున్నాడు. అది ఒక్కటే అనమని నేనే చెప్పాను. గూర్ఖా తెల్ల పంచె, తెల్ల చొక్కా, పూలపూల నేపాలీ టోపీతో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బడిలో మొదటిరోజు పిల్లవాడిలాగా నిటారుగా కూర్చున్నాడు. చొక్కా జేబులో విజిల్ ఉబ్బెత్తుగా కనపడుతోంది. తీసేయమన్నాను. అది లేకుండా ఎక్కడికీ పోలేదప్పా అన్నాడు.

వేదిక పక్కన కోలాటం ఆడే పిల్లలు పసుపుపచ్చ ఓణీలతో నిలబడి ఉన్నారు. అందులో ప్రసూన ఉంది. తండ్రిని చూసింది. ఆయన టోపీ సరిచేసుకున్నాడు. ఆ పిల్ల నవ్వింది. చిన్నప్పటినుంచీ మా ఇంటిముందు తిరిగే బిడ్డ నవ్వడం నేను చూడ్డం అదే మొదటిసారేమో, నాకు మనసు నిండింది. ఒక మంచిపని చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను. తొందరపడ్డాను.

ఎందుకంటే కోలాటం ఆడే పిల్లల తల్లిదండ్రులకు పాసులు ఇవ్వలేదు. పాసులన్నీ ఆఫీసర్ల ఇళ్ళకు పోయాయి, నాలుగు మా ఇంటికి కూడా వచ్చాయి. తల్లులంతా గేటు పక్కన వెదురు కంచె అవతల నిలబడి ఉన్నారు. సత్కారం కాగానే కోలాటమని మైకులో వినపడగానే, కనపడటం లేదని ముందుకు తోసుకొచ్చారు. పోలీసులంతా అప్పుడే వచ్చిన పెద్దమనిషి కారు చుట్టూ ఉన్నారు. వెదురు పటపటమని విరిగింది. ముందు నిలబడ్డ ఆడవాళ్ళు, చంటిబిడ్డలు వాలిపోతున్నారు. సారు ముఖం తెల్లబడింది.

“ఈశ్వర్, చూడయ్యా!” అన్నాడు.

నేను చూసి ఏం చేయాలి? నా నోటికి వచ్చింది ఒక్కటే.

“గూర్ఖా!” అని అరిచాను.

ఆయన లేచాడు. ఆలోచించి లేవలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ పిలుపుకు ఎట్లా లేస్తున్నాడో అట్లాగే లేచి, పంచె ఎగ్గట్టి, విజిల్ ఊదుతూ పరుగెత్తాడు. “అక్కా, ఎనక్కి! యమ్మా, సంకలో బిడ్డ ఉండాది, చూస్కో! అవ్వా, నా చెయ్యి పట్టుకో!” తెలుగులో మాట్లాడొద్దని సారు చెప్పిన సంగతి ఆయనకు గుర్తులేదు. విరిగిన వెదురును భుజంతో ఎత్తిపట్టి, రెండు చేతులు బారచాపి నిలబడ్డాడు. నాలుగు నిమిషాల్లో జనం సర్దుకున్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆయన వదిలితే కంచె పడిపోతుంది. వదలడానికి లేదు.

ఈలోగా ముందు వరసలో ఒక కుర్చీ ఖాళీగా కనపడింది. మన సభల్లో ముందు వరస కుర్చీ ఖాళీగా ఎంతసేపు ఉంటుందో మీకు తెలుసు. టెంట్లు వేసిన కాంట్రాక్టరు బామ్మర్ది వచ్చి కూర్చున్నాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మెడలో బంగారు గొలుసు. పేరు రాయను, నాకింకా నాలుగేళ్ళ సర్వీసుంది.

యాంకరమ్మ జాబితా తీసి చదవడం మొదలుపెట్టింది. హాలెండు వాళ్ళకు కప్పారు. కాశ్మీరాయనకు ఏ దేశమో చెప్పకుండా ‘మంచుకొండల నుంచి’ అని కప్పారు. మూడో వరసలోని పిల్లలను పిలవడం మరిచారు. చివరికి ఆమె గొంతు పెంచి, “నేపాల్ దేశం నుంచి విచ్చేసిన అతిథి, శ్రీ దల్‌బహాదూర్ బోహరా గారు!” అంది. చప్పట్లు మోగాయి. ఫొటోగ్రాఫరు, శాలువా పట్టుకున్న మనిషి, ఇద్దరూ వచ్చి ఆ కుర్చీ ముందు ఆగారు.

బామ్మర్ది లేచి నిలబడ్డాడు. ఎందుకు, ఎవరికి అని అడగలేదు. మీదికి వచ్చే శాలువాను వద్దనడం వాళ్ళ వంశంలో లేదు. రెండు చేతులు జోడించి, తల వంచి కప్పించుకున్నాడు. యాంకరమ్మ మురిసిపోతూ, “చూశారా, నేపాల్ నుంచి వచ్చి కూడా మన పంచెకట్టులో ఎంత ముచ్చటగా ఉన్నారో!” అంది. ఆయన ముచ్చటగా నవ్వాడు. జనంలో ఆయన్ను ఎరిగినవాళ్ళు రెండువందల మందైనా ఉంటారు. ఒక్కరూ నోరు మెదపలేదు.

మెదిపింది ప్రసూన ఒక్కతే. కోలాటం కర్రలతోనే వేదిక ఎక్కి, యాంకరమ్మ చెయ్యి పట్టుకుంది.

“మేడమ్, ఆయప్ప కాదు మా నాయన. మా నాయన అదో ఆడ, గేటు కాడ ఉండాడు.”

యాంకరమ్మ మైకును అరచేత్తో మూసి, “తర్వాత చూద్దాం తల్లీ, ప్రోగ్రాం లేటవుతోంది” అంది. ఆ పిల్ల నావైపు చూసింది. పేర్ల జాబితా రాసింది నేనేనని ఆమెకు తెలుసు. నేను లేచి రెండడుగులు వేసి మైకు అందుకుంటే చాలు. లోకనాథ్ సారు నన్ను చూసి, పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. నాకు సిగ్గేసింది. కుర్చీలోంచి లేచేంత సిగ్గు మాత్రం కాదది.

కోలాటం మొదలైంది. ప్రసూన ఆడింది. పిల్లలంతా జనంవైపు చూస్తూ తిరుగుతుంటే ఆమె మాత్రం ప్రతి చుట్టుకూ గేటువైపే చూసింది. ఆయన వెదురు వదల్లేక చప్పట్లు కొట్టలేదు. తల ఊపుతూ నిలబడ్డాడు.

అంతా అయ్యాక దగ్గరికి పోయాను. టోపీ ఎక్కడో పడిపోయింది. భుజం మీద చొక్కా చిరిగి గీరుకుపోయింది.

“పేరు బాగ సదివిందప్పా ఆయమ్మ” అన్నాడు. “బోహరా అని మా ఊర్లో పిల్చినట్లే పిల్చింది.”

“శాలువా...” అన్నాను నేను.

“ఈడ నుంచి ఏం కనపడల్యా లే” అన్నాడు. అక్కడి నుంచి వేదిక అరచేతిలో ఉన్నట్టు కనపడుతోంది. నేను కూడా ఏమీ కనపడనట్టే తల ఊపాను.

మరునాడు పేపర్లో ఫొటో వచ్చింది. శాలువాతో బామ్మర్ది, కింద ‘సత్కారం అందుకుంటున్న నేపాల్ అతిథి దల్‌బహాదూర్ బోహరా’. లోకనాథ్ సారు పదిమందీ పూర్తయ్యారని నివేదిక పంపి మెప్పు పొందాడు. బామ్మర్ది ఆ ఫొటోకు ఫ్రేము కట్టించి ఇంట్లో తగిలించాడని విన్నాను. కింద పేరు ఎవరిదైతేనేం, ముఖం తనదే కదా.

నెలన్నర గడిచాక, ఒక సెలవురోజు తండ్రీకూతుళ్ళు ఇద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చున్నాడు. ప్రసూన కూర్చోలేదు. డిగ్రీ సర్టిఫికెట్ ఇవ్వకముందే తండ్రి పేరు సరిచేయించుకోవాలని కాలేజీవాళ్ళు చెప్పారట. దానికొక ఫారం. ఆ పేరు ఇక్కడ అచ్చులో ఎక్కడైనా ఉందా అని నేను అడిగాను. ఆఫీసు నోరు అట్లాగే అడుగుతుంది. ప్రసూన పర్సులోంచి ఒక కాగితం పీలిక తీసి ఇచ్చింది. పేపర్లోంచి కత్తిరించిన ఆ ఒక్క వరుస.

“ఫొటో ఏది?” అన్నాను.

“ఫొటో మాది కాదు సార్” అంది ఆ పిల్ల. “పేరు ఒకటే మాది.”

ఆ పీలిక చెల్లదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఫారం చివర ఇంకో దారి ఉంది. ఒక సర్కారు ఉద్యోగి తన చేతిరాతతో ఒక వాక్యం పూర్తిచేసి సంతకం పెట్టాలి: ‘ఈ విద్యార్థిని తండ్రి అయిన ఫలానా వ్యక్తిని, ఫలానా పేరుతో, నేను చిరకాలంగా ఎరుగుదును.’

“నువ్వు ఎరుగుదువు గదప్పా” అన్నాడు గూర్ఖా. “ముప్పై ఏండ్లాయె.”

“ఎరగకేం?” అన్నాను ఉత్సాహంగా. ఆనాటి తప్పు దిద్దుకోవడానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. కళ్ళజోడు పెట్టుకుని, పెన్ను తీసి, పీలికను అటుపక్కన బోర్లా పెట్టి, వాక్యం మొదలుపెట్టాను. ‘ఈ విద్యార్థిని తండ్రి అయిన...’ దగ్గర పెన్ను ఆగింది.

బహాదూర్ అని గుర్తుంది. దానికి ముందేముందో, వెనకేముందో గుర్తులేదు. జాబితాలో నా చేత్తోనే రాశాను, మైకులో విన్నాను, పేపర్లో చదివాను, ఇప్పుడే చేతిలో పట్టుకుని చూశాను కూడా. బోర్లా పెట్టిన పీలికను తిప్పి చూడ్డానికి, ఆ పిల్ల చూస్తుండగా, నాకు చెయ్యి రాలేదు.

“ఏం పేరన్నావప్పా?” అని గొణిగాను.

గూర్ఖా నొచ్చుకోలేదు. నొచ్చుకుని ఉంటే నాకు బాగుండేది. “ఏం పర్వాల్యా లేప్పా” అని నవ్వాడు, “యెవురూ పిలవకపోతే నాకే అప్పుడప్పుడు గుర్తుండదు.”

ప్రసూన నవ్వలేదు. నా పక్కకు వచ్చి నిలబడి, ఒకటో తరగతి పిల్లవాడికి చెప్పినట్టు, ఒక్కొక్క అక్షరమే చెప్పింది. నేను రాశాను. మధ్యలో ఒకచోట తప్పు రాస్తే ఆపి, కొట్టేయించి, మళ్ళీ రాయించింది. పేరు పూర్తయ్యాక సంతకం ఎక్కడ పెట్టాలో వేలుతో చూపించింది.

అక్కడ సాక్షి పేరు రాయాల్సిన గీత మీద నా పేరు, నా ఇంటిపేరు, మా నాయన పేరు, నా హోదా, అన్నీ ఒక్క తప్పు లేకుండా ఆ పిల్ల చేతిరాతతో ముందే రాసి ఉన్నాయి.